థీమ్ పార్కు చూసి యాప్ డిజైన్ నేర్చుకోవడం ఎలా?

యాప్‌లు చేసే మన కుర్రాళ్లు పార్కుకు వెళ్తే రంగులు, బొమ్మలు ఫొటోలు తీసుకొస్తారు. ఆ తర్వాత వాళ్ల హోమ్ పేజీలో జెయింట్ వీల్ తిరుగుతుంటుంది. చూడాల్సింది అది కాదు, జనం ఎటు నడుస్తున్నారో, ఎలా ఎదురుచూస్తున్నారో.

చిన్న నోట్‌బుక్, పెన్ను, చేతి గడియారం చాలు. ఫోన్ జేబులోంచి తీయొద్దు. ఆదివారమే వెళ్లాలి, జనం లేని రోజు వెళ్లి లాభం లేదు. పాలమూరు వాళ్లకు రావిర్యాల దగ్గరి వండర్‌లా, నల్గొండ వాళ్లకు విజయవాడ హైవే మీది రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గర.

గేటు దాటగానే ఆగి, కాళ్లు ఎటు లాగుతున్నాయో రాసుకోండి. 1955లో తెరిచిన డిస్నీలాండ్‌లో మెయిన్ స్ట్రీట్ చివర కోట కనిపిస్తుంది, జనం బోర్డులు చదవకుండానే అటు నడుస్తారు. మీ మొదటి స్క్రీన్‌లోనూ పెద్ద బటన్ ఒకటే ఉండాలి. రెండు పెడితే తప్పే.

ఇక క్యూ. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రైడ్ ఎక్కే సరదా ఉన్నా లేకున్నా చివర నిలబడండి. ఇంకెంతసేపో చెప్పే బోర్డు ఉందా, పక్క లైను ముందు కదిలితే జనం ఏమంటున్నారు, అన్నీ రాయండి. ఊరికే నిలబడ్డా, ఎంతసేపో తెలియకపోయినా, అన్యాయం జరిగిందనిపించినా నిరీక్షణ ఎక్కువైనట్టు ఉంటుందని వ్యాపార సేవల నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశాడు. యాప్‌లో ఏమీ చెప్పకుండా తిరిగే లోడింగ్ చక్రం మొదటి రెండు తప్పులూ చేస్తుంది.

ఎత్తు కొలిచే బోర్డు ఎక్కడుందో మాత్రం తప్పక చూడండి. క్యూ మొదట్లో ఉంటే సరే. రైడ్ గేటు దగ్గర పెట్టారనుకోండి, ఎండలో అంతసేపు నిలబడ్డ పిల్లాడు బోర్డుకు వీపు ఆనించి, మెల్లగా మడమలు పైకెత్తుతాడు. గేటు దగ్గరి మనిషి తల అడ్డంగా ఊపుతాడు. ఆ పిల్లాడి అమ్మ ముఖం చూసి రాసుకోండి. స్కాలర్‌షిప్ ఫారం మొత్తం నింపించి, ఆఖరున 'ఫొటో సైజు ఎక్కువైంది' అనడం అచ్చం ఇదే. ఫొటో ఎన్ని కేబీలు, ఏ సర్టిఫికెట్లు కావాలి, అన్నీ మొదటి పేజీలోనే చెప్పాలి. ఏసీ గదిలో గోడకు రంగు చీటీలు అతికించే డిజైన్ కోర్సుల్లో ఇది చెప్పినా తలకెక్కదు, అక్కడ ఎవరికీ కాళ్లు గుంజవు కాబట్టి.

ఇంటికొచ్చాక స్క్రీన్లు పెన్సిల్‌తో కాగితం మీదే గీయండి. కంప్యూటర్ తెరిచారా, రంగుల గొడవలో పడతారు. ఆ కాగితాలు పట్టుకొని నల్గొండ బస్టాండ్‌కు పోయి, దేవరకొండ బస్సు కోసం చూస్తున్న పెద్దాయనను "జర ఇది నింపుతవా పెద్దనాయినా" అని అడగండి. ఎక్కడ నొక్కాలో చెప్పొద్దు. వేలు ఆగిన చోటల్లా గీత పెట్టుకోండి. బస్సొస్తే కాగితాలు అడిగి తీసుకోండి, లేకపోతే మడిచి జేబులో పెట్టుకొని పోతారు.