ఫ్లాట్‌లో వడ్రంగం: చప్పుడు, పొట్టు సమస్యలను నేను తీర్చుకున్న తీరు

హైదరాబాదులోని మా ఫ్లాట్‌లో వడ్రంగం మొదలుపెట్టాక కింది ఇంటివారు చప్పుడు గురించి అభ్యంతరం చెప్పడంతో, మెషీన్ కోతంతా టింబర్ డిపోలోనే కొలతల ప్రకారం చేయించుకుని, ఇంట్లో చేతి రంపం, చెక్కను చిత్రిక పట్టే తోపడ, ఉలితోనే సరిపెట్టుకుంటున్నాను. బల్ల కాళ్ల కింద మందపాటి రబ్బరు షీటు వేసి, ఉలి దెబ్బ సరిగ్గా బల్ల కాలికి పైనే పడేలా చెక్కను బిగించాక అదురు బాగా తగ్గింది. తోపడ పొట్టు చుట్టలుగా రాలుతుంది కనుక చీపురుతో పోతుంది. ఊపిరికి చేటు చేసే సన్నని పొడి సాండ్‌పేపర్‌దే కాబట్టి, ఆ పనిని మాస్కు పెట్టుకుని బాల్కనీలోనే చేస్తాను. అసలు జాగ్రత్త మెరుగు పెట్టేటప్పుడు కావాలి: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు గనుక, తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాకే చెత్తలో వేస్తాను.