మూడు తరగతులు, ఒక గది, ఒక టీచరు: కొత్తగా చేరిన ఎస్జీటీలకు (ప్రాథమిక బడి టీచర్లకు)

జూన్ 12న బడి తెరిచాం. మూడో రోజే ఒక తల్లి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. “మేడం, మా పిలగాడు మూడోదిలకు వచ్చిండు గదా, మళ్ల ఒకటోదోళ్లతోని ఎందుకు కూసోవెట్టిన్రు? ఫెయిలైండా?”

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే దసరా నాటికి ఆ పిల్లవాడు ఆటో ఎక్కి ప్రైవేటు స్కూలుకు పోతాడు. అందుకే ఇది రాస్తున్నాను. డీఎస్సీలో మొన్నమొన్న చేరినవాళ్లకు డీఎడ్‌ (టీచరు శిక్షణ)లో బహుళ తరగతి బోధన అని ఒక పాఠం ఉండే ఉంటుంది. పరీక్షకు పనికొచ్చే పాఠం అది. సోమవారం పొద్దున పనికొచ్చేది వేరే.

మాది తెలంగాణలో చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల. ఈ ఏడు 23 మంది పిల్లలు: ఒకటిలో నలుగురు, రెండులో ఆరుగురు, మూడులో ముగ్గురు, నాలుగులో ఏడుగురు, ఐదులో ముగ్గురు. హెచ్‌ఎం సారు, నేను. రెండు గదులు, ఒక వరండా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. అంటే మా బడిలో ఎవరినీ తగ్గించలేదు, లెక్క సరిగ్గానే ఉంది. తరగతులే ఐదున్నాయి.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలంటుంది. రోజుకు సగటున నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు. మీ గదిలో మూడు తరగతులుంటే ఒక్కో తరగతికి మీరు దొరికేది 80 నిమిషాలు. మిగిలిన 160 నిమిషాలు వాళ్లు మీరున్న గదిలోనే, మీరు లేకుండా ఉంటారు. మనం పాఠ్య ప్రణాళిక రాసేది ఆ 80 నిమిషాలకు. బడి నడిచేదీ చెడేదీ ఆ 160 నిమిషాల్లో. నేను ఇప్పుడు రాత్రి కూర్చుని ముందు రాసుకునేది రేపు నేను ఎవరికి చెప్పడం లేదో వాళ్ల పని. చెప్పే పాఠం ఆ తర్వాత.

ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలి

చాలా బడుల్లో ఒకటి, రెండు ఒక గది. మూడు, నాలుగు, ఐదు ఇంకో గది. కాగితం మీద ఇది బాగుంటుంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు మాత్రమే. మూడు నుంచి పరిసరాల విజ్ఞానం కూడా వస్తుంది కాబట్టి. మేమూ రెండేళ్లు అలాగే చేశాం. సమస్య ఎక్కడొచ్చిందంటే, హెచ్‌ఎం సారుకు మీటింగులు, ఆన్‌లైన్ పనులు, భోజనం లెక్కలు. ఆయన లేచి వెళ్లగానే పెద్ద గదిలో నాలుగు, ఐదు వాళ్లు ఎలాగో చదువుకునేవాళ్లు. మూడోవాళ్లు గోడలు చూస్తూ కూర్చునేవాళ్లు. సొంతంగా చదివి పని చేసుకునేంత చదువు వాళ్లకింకా రాలేదు.

అందుకని మూడో తరగతిని నా గదిలోకి తెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు 13 మంది, సారుకు 10 మంది. మూడోవాళ్ల పరిసరాల విజ్ఞానం మధ్యాహ్నం, చిన్నవాళ్లు బొమ్మలు వేసుకునే గంటలో చెబుతాను. మీ బడికి ఇదే సరిపోతుందని కాదు. సొంతంగా పని చేసుకోగలిగిన వాళ్లెవరో చూసి, ఎక్కువ సార్లు లేచి వెళ్లే టీచరు దగ్గర వాళ్లను పెట్టండి. తరగతి నంబరు చూసి పెట్టకండి.

ఒక లెక్కల పూట

మొదటి ఏడాది నేను బోర్డును సుద్దముక్కతో మూడు భాగాలు చేసి మూడు పాఠాలు ఒకేసారి చెప్పాను. పావుగంటకోసారి ఇటు నుంచి అటు పరుగు. నవంబరుకల్లా గొంతు పోయింది, రెండో తరగతివాళ్లు మూడో తరగతి జవాబులు నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు.

ఇప్పుడు గదంతా ఒకే సమయంలో ఒకే సబ్జెక్టు. లెక్కలంటే అందరికీ లెక్కలే. తీసివేత అంటే అందరికీ తీసివేతే, ఎవరి మెట్టు వాళ్లది. మొదటి పది నిమిషాలు అందరితో నోటి లెక్కలు. తర్వాత పని పంచుతాను. ముందు ఎవరికి పెట్టాలి? ఆగలేనివాళ్లకు. ఒకటోవాళ్ల చేతిలో చింతగింజలు పడకుండా మీరు ఎవరి దగ్గరా కూర్చోలేరు. మూడోవాళ్లు గోడకు వేలాడే సంచి నుంచి కార్డు తామే తీసుకుంటారు. అప్పుడు నేను రెండోవాళ్ల పక్కన చాప మీద కూర్చుంటాను. ఇరవై నిమిషాలు. లేచి గదంతా ఒక చుట్టు చుడతాను, మూడు నిమిషాలు చాలు. తర్వాత ఒకటి, ఆ తర్వాత మూడు. గంటన్నరలో ముగ్గురికీ అందుతాను.

కూర్చున్నంతసేపు డస్టర్ నా పక్కన నేల మీద ఉంటుంది. డస్టర్ కింద ఉంటే ఎవరూ నా దగ్గరికి రాకూడదు. రక్తం, వాంతి, పాము, ఈ మూడింటికీ మినహాయింపు. ఇది అలవాటు కావడానికి నాకు ఆగస్టు దాకా పట్టింది. “మేడం, పెన్సిల్ ఇరిగింది” అని రోజుకు పదిసార్లు వస్తారు. చెక్కిన పెన్సిళ్లు ఒక డబ్బాలో వేసి కిటికీలో పెట్టండి, సగం రాకపోకలు తగ్గుతాయి.

మీరు పక్కన లేని తరగతికి పెట్టే పనిలో ఒక ఉచ్చు ఉంది: చూచిరాత. “పదో పేజీ చూసి రాయండి” అంటే గది నిశ్శబ్దంగా ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లకు ముచ్చటగా ఉంటుంది, పిల్లలకు ఏమీ రాదు. చేత్తో కదిపేది, లేదా చేశాక తప్పో ఒప్పో తామే చూసుకోగలిగేది పెట్టండి. నా దగ్గర అన్నీ పెళ్లిపత్రికలతో చేసిన కార్డులే. ఊళ్లో పెళ్లిళ్ల సీజను అయిపోగానే ఇల్లిల్లూ తిరిగి సేకరిస్తాను. అట్ట గట్టిగా ఉంటుంది, లోపలి తెల్ల వైపు రాసుకోవచ్చు. ముందు లెక్క, వెనక జవాబు. చూసి రాసేస్తారేమో అని భయపడ్డాను. మొదటి వారం చూశారు. మార్కులు లేవని తెలిశాక మానేశారు.

కార్డుల పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు ఒకే టీచరుండే పల్లె బడుల కోసం దీన్ని తయారుచేశారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, గోడ మీద నిచ్చెనలాంటి పటం. పిల్ల తన మెట్టు చూసుకుని కార్డు తానే తీసుకుంటుంది. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో ఏబీఎల్ (పనులు చేస్తూ నేర్చుకోవడం) పేరుతో నడిచిన పద్ధతికి మూలం ఇదే. వాళ్ల నిచ్చెన మొత్తం మన బడిలో కట్టాలంటే ఒక్కరి వల్ల కాదు. లెక్కల్లో తీసివేత ఒక్కదానికి 30 కార్డులు చేసి మొదలుపెట్టండి.

42 లోంచి 17

కలిపి కూర్చోబెట్టడం వల్ల లాభమేంటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ జులైలో జరిగిన సంగతి. మూడో తరగతి పిల్లవాడు (గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి కొడుకే) పలక మీద 42లోంచి 17 తీసేసి 35 రాశాడు. ఏడులోంచి రెండు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. పైదో కిందిదో చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడం మూడో తరగతిలో చాలామంది చేసేదే. బోర్డు మీద రెండుసార్లు చెప్పాను. తలూపాడు. మళ్లీ 35.

పక్క చాప మీద రెండోవాళ్లు చీపురుపుల్లలతో ఉన్నారు. పది పుల్లలకో రబ్బరు బ్యాండు, అది కట్ట. ఒక పాప నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకుని ఏడు పుల్లలు ఎట్ల తియ్యాలా అని చూస్తోంది. రెండే ఉన్నాయి. కాసేపు చూసి ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగేసింది. పుల్లలు చాప మీద చెల్లాచెదురయ్యాయి. పిల్లవాడు కార్డు వదిలేసి అటే చూస్తున్నాడు. “అరె, ఇప్పితే పన్నెండైతయ్ కదా” అన్నాడు. ఆమె ఏడు ఏరి పక్కన పెట్టింది, ఒక కట్ట తీసేసింది. రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి. పిల్లవాడు పలక మీద 35 ఉమ్మితో తుడిచాడు. (తడిగుడ్డ ఇచ్చాను, ఉమ్మే వాడతారు.)

విడిగా మూడో తరగతి గదిలో ఉండి ఉంటే వాడి చేతికి పుల్లలివ్వడం వాడికి నామోషీ. ఇక్కడ పుల్లలు పక్కనే ఉన్నాయి, ఎవరూ వాడిని వెనక్కి పంపలేదు.

దీని రెండో వైపు కూడా చెప్పాలి. పెద్దపిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించడం సులువుగా అలవాటైపోతుంది, ముఖ్యంగా మన తల నొప్పెడుతున్నప్పుడు. ఒకసారి నాలుగో తరగతి పాపను రోజూ గంటసేపు ఒకటోవాళ్లకు పెట్టాను. వాళ్ల నాన్న వచ్చి “నా బిడ్డ చదువనీకొస్తుందా, చెప్పనీకొస్తుందా?” అన్నాడు. ఆయనదే న్యాయం. ఇప్పుడు పది నిమిషాలకు మించదు, రోజుకొకరి వంతు. వాళ్లు పాఠం చెప్పరు. చిన్నవాళ్లు చదువుతుంటే వింటారు, ఆగిన చోట మాట అందిస్తారు. చదువులో వెనకబడ్డ పెద్దపిల్లలకు ఈ వంతు మరీ అవసరం. రెండో తరగతి వాచకం ఇంటికి తీసుకెళ్లి చదువుకుని వస్తారు, “రేపు నేను వినాలె మేడం” అని.

పరీక్షల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎఫ్ఏ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష) అయినా ఎస్ఏ (పెద్ద పరీక్ష) అయినా ఎవరి తరగతి పేపరు వాళ్లదే. ఒకటోవాళ్లకు ప్రశ్న మీరే చదివి చెప్పాలి కాబట్టి వాళ్లను వరండాలో కూర్చోబెట్టండి.

ఇంటికి పంపే కబురు

తల్లిదండ్రులకు ఇవేవీ చెప్పకపోతే పిల్లవాడు ఫెయిలయ్యాడనే అనుకుంటారు. అందుకే జూన్‌లో, దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత ఒక్కో పేజీ రాసి పంపుతాను. నోటీసు భాషలో రాయకండి. ఇంట్లో ఆ కాగితాన్ని గట్టిగా చదివేది పిల్లలే, వినేది ఎక్కువగా నానమ్మలు. వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి. దసరా తర్వాత నేను పంపేది సుమారుగా ఇలా ఉంటుంది:

“నమస్తే. బతుకమ్మ పూలు తెచ్చిన పిల్లలందరికీ సంతోషం. బడి మళ్లీ మొదలైంది. ఈ నెలలో ఎస్ఏ పరీక్షలున్నాయి. ఒకటి, రెండు, మూడు తరగతులు నా గదిలో, నాలుగు, ఐదు సారు గదిలో. మూడో తరగతి పిల్లలు మూడో తరగతి పుస్తకమే చదువుతున్నారు. చిన్నవాళ్లతో కూర్చోవడం వెనక్కి పంపడం కాదు. మీ పిల్ల ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో ఈ కాగితం వెనక రాశాను. సాయంత్రం పది నిమిషాలు పుస్తకం చదివించుకుని వినండి. మీకు చదువు రాకపోయినా వినండి. పత్తి ఏరే రోజులు వచ్చాయి. చేనుకు తీసుకుపోక తప్పదనుకుంటే ముందురోజు చెప్పండి, కార్డులు ఇచ్చి పంపుతాను. తీసుకుపోకపోతే ఇంకా మంచిది.”

పత్తి సంగతి రాయాలా వద్దా అని సారు, నేను ఒక ఏడాది వాదించుకున్నాం. రాస్తే సెలవిచ్చినట్టవుతుందని ఆయన అన్నాడు. రాయని ఏడాది నవంబరులో ఆరుగురు చెప్పకుండా మానేశారు. రాసిన ఏడాది నలుగురు చెప్పి మానేశారు, కార్డులు పట్టుకెళ్లారు. రెండు కార్డులు మట్టి కొట్టుకుని వచ్చాయి కానీ లెక్కలు చేసి ఉన్నాయి.

కాగితం వెనక మార్కులు రాయను. ఆ పిల్లకు వచ్చింది ఒకటి, రావాల్సింది ఒకటి: “రెండంకెల తీసివేత వచ్చింది. ఒత్తులున్న మాటల దగ్గర ఆగుతోంది.” 13 కాగితాలు రాయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పోతుంది. ఇది రాయాలంటే ప్రతి పిల్ల గురించీ మనకు తెలిసి ఉండాలి. రాయడానికి ఏమీ తోచని పిల్ల ఒకరో ఇద్దరో ఉంటారు. సోమవారం మీరు మొదట కూర్చోవాల్సింది వాళ్ల దగ్గర.

ఒక్కరే ఉన్న రోజు

సారుకు ట్రైనింగు ఉంటుంది, నాకు కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) మీటింగు ఉంటుంది. ఐదు తరగతులూ ఒక్కరి మీద పడే రోజు నెలకు రెండు మూడు సార్లు వస్తుంది. ఆ రోజు కొత్త పాఠం జోలికి పోకండి. 23 మందినీ వరండాలోకి తెచ్చి తరగతులు చెరిపేయండి: అక్షరాలు పట్టుకునేవాళ్లు, మాటలు చదివేవాళ్లు, పేజీ చదివేవాళ్లు. మూడు గుంపులే ఉంటాయి, మీరు తిరగగలరు. మా ఐదో తరగతిలో ఒకడు మాటల గుంపులో కూర్చుంటాడు. మిగతా రోజుల్లో వాడికి దొరకని సాయం ఆ రోజే దొరుకుతుంది.

దీనికోసం ఒక రేకు పెట్టె పెట్టాం. అందులో మూడు గుంపులకు మూడు సంచులు, కథల పుస్తకాలు, రంగులు, పిల్లల పేర్ల జాబితా. టీచర్లిద్దరూ లేకుండా పక్క బడి నుంచి ఎవరినైనా పంపినా పెట్టె తెరిస్తే సాయంత్రం దాకా నడుస్తుంది. తాళంచెవి ఐదో తరగతివాళ్ల దగ్గర ఉంటుంది. మొదట నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. నేను రాని రోజు అదీ రాలేదు.