మీ వాద్య సాధనకు పెంపుడు కుక్కను అలవాటు చేయడం ఎలా?

బతుకమ్మ, దసరా దగ్గర పడుతుంటే వరంగల్, హన్మకొండ ఇళ్లలో డప్పు, డోలక్, వేణువు మళ్లీ బయటికి వస్తాయి. ఇంట్లో కుక్క ఉంటే, సాధన మొదలైన కాసేపటికే అది ఊళ పెట్టవచ్చు, మంచం కిందికి దూరవచ్చు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ముందు ఆ తేడా కనిపెట్టాలి. అందుకని మొదటిరోజు ఇంట్లో మరొకరిని వాయించమని, మీరు కుక్కనే గమనించండి. వేణువు, వయొలిన్, హార్మోనియం, సన్నాయిల సాగే స్వరం కుక్కల ఊళకు దగ్గరగా ఉంటుంది. తల పైకెత్తి, ఒళ్లు వదులుగా ఉంచి, పక్కనే నిలబడి ఊళ పెడితే అది బదులు పలుకుతున్నట్టే. దాన్ని తిట్టకండి. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, నిద్ర రాకపోయినా ఆవులిస్తూ, మూతి నాక్కుంటూ ఉంటే మాత్రం భయపడుతోంది. అలాంటప్పుడు ‘పాట పాడుతోంది’ అంటూ ఫోనులో వీడియో తీయడం నిర్దయ. వాయించడం వెంటనే ఆపాలి.

మనకు సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది. కుక్కకు దాదాపు 45,000 వరకు, పిల్లికి 64,000 వరకు వినిపిస్తుంది. తాళాలు, గజ్జెల మోత వాటి చెవికి మనకన్నా ఎంతో పదునుగా తగులుతుంది.

డప్పుకు ఎక్కువ ఓపిక కావాలి. తోలు డప్పయితే కుక్కకు ముందు దాని వాసనే తెలుస్తుంది. నేలమీద పెట్టి, తనంతట తాను వచ్చి చూసేదాకా ఆగండి. ఒంటరిగా మాత్రం వదలకండి, తోలు కొరికేస్తుంది. తొలిరోజుల్లో డప్పు కాచకుండానే వాయించండి. మంటకు కాచి బిగువెక్కిన డప్పు ఖంగుమంటుంది, కాచనిది మెత్తగా పలుకుతుంది. పక్కగదిలో వేళ్లతో మొదలుపెట్టి, కొన్నాళ్లకు సన్నటి చిటికెన పుల్ల, చివరికి లావుపాటి సిర్ర కర్ర పట్టండి. శబ్దం మొదలవగానే ఇంట్లోవాళ్లు ఉప్పూకారం లేని ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెట్టాలి, ఆగగానే పెట్టడం ఆపాలి. ముక్క ముందున్నా తినడం లేదంటే మీరు తొందరపడ్డారని అర్థం. మళ్లీ వెనకటి మెట్టుకు వెళ్లండి. హాయిగా తింటుంటే, మరుసటి రోజు కొంచెం దగ్గరికి జరగండి.

డప్పు కాచే మంట దగ్గరికి కుక్కను రానివ్వకండి.

ఏ వాద్యమైనా సరే, సాధన వేళ కుక్కను కట్టేయకూడదు, తలుపు తెరిచే ఉంచాలి. వెళ్లిపోయే వీలుంటేనే దానికి ధైర్యం వస్తుంది. పిల్లి సాధారణంగా తానే లేచి వెళ్లిపోతుంది, వెంటపడి తేకండి. కుక్కపిల్లలకైతే 3 నుంచి 12 వారాల మధ్య కొత్త శబ్దాలు సులువుగా అలవాటవుతాయి, కానీ అప్పుడు కూడా శబ్దం చిన్నగానే ఉండాలి.

సద్దుల బతుకమ్మ నాటి వీధి మోత దీనితో సమానం కాదు. ఆరోజు కుక్కను లోపలి గదిలో, కిటికీలు మూసి, ఎవరైనా తోడుండేలా చూడండి.

బాగా అలవాటుపడిన కుక్క ఉన్నట్టుండి మీ వాద్యానికి బెదరడం మొదలుపెడితే చెవిలోనో, ఒంట్లో మరెక్కడో నొప్పి ఉండవచ్చు. మాటిమాటికీ తల విదిలిస్తున్నా, చెవి నుంచి వాసన వస్తున్నా సాధన పక్కనపెట్టి పశువైద్యుడికి చూపించండి.