అంబాసిడర్ డ్యాష్‌బోర్డు వైరింగ్: ముందు ఎర్త్ చూడండి

మా నాన్నగారు 1978లో కాకినాడలో కొన్న అంబాసిడర్ మార్క్ 3 ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆరేళ్ల క్రితం దానికి ఒక వింత జబ్బు పట్టుకుంది. ఎడమవైపు ఇండికేటర్ వేస్తే, దానితో పాటే మీటరు దీపాలు కూడా మిణుకుమనేవి. హెడ్‌లైట్లు వేస్తే పెట్రోలు సూది ఉన్న చోటు నుంచి జరిగేది. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకరు ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ మార్చారు, మరొకరు ట్యాంకులో పెట్రోలు మట్టం తెలిపే ఫ్లోటు మార్చారు. జబ్బు అలాగే ఉంది. చివరకు తప్పు ఒక చిన్న బోల్టు కింద దొరికింది. అంతకు ముందు ఏడాది కారుకు రంగు వేయించినప్పుడు, ఎర్త్ తీగ (కరెంటును కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేర్చేది) బిగించే చోట కూడా రంగు పూసి, దాని మీదే తీగను బిగించేశారు.

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దీపాలు కలిసి మిణుకుమంటే, వాటికి ఉమ్మడిగా ఉన్న దారి చెడిందని అర్థం. ఆ ఉమ్మడి దారి చాలాసార్లు ఎర్త్. కరెంటుకు తిరిగి బ్యాటరీకి చేరే తోవ సరిగా లేకపోతే అది పక్క బల్బు తీగ గుండా వెళ్లిపోతుంది. అందుకే ఏ సామానూ కొనకముందు ఎర్త్ చూడమంటాను.

డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టేముందు బ్యాటరీకి ఎర్త్ వైపు తీగ విప్పండి. చేతి ఉంగరం, గడియారం తీసేయండి. పాత బ్రిటిష్ పద్ధతిలో ప్లస్‌ను బాడీకి కలిపిన కార్లు కూడా ఉంటాయి కాబట్టి, తీగ రంగును నమ్మకుండా అది ఎక్కడికి వెళ్తోందో చూసి తేల్చుకోండి. స్పీడోమీటరు కేబులు మర విప్పి, మీటర్ల పెట్టెను నెమ్మదిగా ముందుకు లాగండి. నలభై ఏళ్ల తీగ పైతొడుగు అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది, ఎక్కువ వంచకండి. ఏదైనా విప్పేముందు ఫోటో తీసి, ప్రతి తీగకు గుడ్డ టేపు చుట్టి దాని మీద అంకె రాయండి.

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన కారు కావడంతో తీగల రంగులు లూకాస్ అనే బ్రిటిష్ విద్యుత్ సామాన్ల కంపెనీ వాళ్ల లెక్క ప్రకారమే ఉంటాయి. గోధుమ రంగు తీగ నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తెల్లది తాళం తిప్పాక కరెంటు అందుకుంటుంది. ఆకుపచ్చది అదే కరెంటును ఫ్యూజు దాటాక తీసుకువెళ్తుంది. ఎర్రది పక్క దీపాలకు, ఎరుపు మీద తెల్ల గీత ఉన్నది మీటరు దీపాలకు. నల్లది ఎర్త్. గోధుమ, తెలుపు తీగలకు ఫ్యూజు రక్షణ ఉండదు. అవి బాడీకి తగిలితే తీగే కాలిపోతుంది. అందుకని వాటి దగ్గర మరింత జాగ్రత్త పడండి. ఎవరైనా మధ్యలో తోచిన రంగు తీగ అతికి ఉంటే ఈ లెక్క పనిచేయదు; అలాంటిచోట తీగ వెంట చేత్తో పట్టుకుని వెళ్లడమే మార్గం.

ఇక పరీక్ష. బ్యాటరీ తీగ మళ్లీ బిగించండి. మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తే చాలామంది తీగ బాగుందని సంతృప్తి పడతారు. అది పెద్ద పొరపాటు. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, కానీ ఆ పోగు బల్బును నిండుగా వెలిగించలేకపోవచ్చు. కాబట్టి దీపాలు వేసి, తీగ గుండా కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. మల్టీమీటర్ ఒక తీగను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, మరొక తీగను మీటర్ల పెట్టె లోహం మీద పెట్టి, పక్క దీపాలు, ఇండికేటరు వేయండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ మంచిది. నా కారులో 2.8 వచ్చింది! బ్యాటరీ ఇచ్చే వోల్టుల్లో అంత భాగం రంగు పొర దగ్గరే పోతోందన్న మాట.

బాగుచేయడానికి పట్టింది అరగంట. బోల్టు విప్పి, కింద లోహం మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్దాను. పళ్ల వాషరు వేసి బిగించి, పైన వ్యాజిలిన్ పూశాను. కాకినాడ ఉప్పుగాలికి ఆ వ్యాజిలిన్ చాలా అవసరం. మీటర్ల పెట్టె నుంచి బాడీకి 2.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల తీగ ఒకటి అదనంగా వేశాను. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని కూడా ఇదే చేత్తో శుభ్రం చేయండి.

ఎర్త్ బాగుండి, ఫ్యూజు మాత్రం పదే పదే కాలిపోతుంటే వరుసగా ఫ్యూజులు తగలేయకండి. 21 వాట్ల ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టి, ఫ్యూజు స్థానంలో పెట్టండి. ఆ ఫ్యూజు మీద ఉన్నవన్నీ ఆపేశాక కూడా బల్బు నిండుగా వెలుగుతుంటే, ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది. ఒక్కొక్క తీగ విప్పుతూ వెళ్లండి. ఏది విప్పగానే బల్బు ఆరిపోతే దోషం ఆ తీగలోనే ఉంది. రేకు అంచు మీదుగా తీగ వంగే చోటు ముందుగా చూడండి.

ఫ్యూజు విషయంలో ఇంకొక్క మాట. పాత లూకాస్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కరిగే కరెంటు. ఎప్పుడూ మోయగలిగేది 17 ఆంపియర్లే. ఇప్పటి 35 ఆంపియర్ల ఫ్యూజు ఆ మొత్తాన్ని ఆగకుండా మోస్తుంది. దాన్ని అక్కడ పెడితే ఫ్యూజు కంటే ముందు తీగ కాలుతుంది. 15 ఆంపియర్లది పెట్టండి.

తెగిన తీగను మెలితిప్పి నల్ల టేపు చుట్టవద్దు. మే నెల ఎండకు ఆ జిగురు కరిగి కారుతుంది. క్రింప్ చేసి (లోహపు జాయింటులో పెట్టి గట్టిగా నొక్కి), వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. చివరగా అన్నీ బిగించి, దీపాలన్నీ వేసి పావుగంట ఇంజను నడవనిచ్చి, డ్యాష్‌బోర్డు కింద ప్రతి అతుకునూ వేలితో తాకి చూడండి. వేడిగా తగిలిన అతుకును మళ్లీ విప్పి చేయండి.