రొమ్ము తొలగింపు ఆపరేషన్: ముక్క పరీక్ష నుంచి ఆరో వారం వరకు ఇంటివాళ్లు చేయవలసినవి

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలి, రొమ్ము తీసేయవలసి ఉంటుందని డాక్టరు చెప్పిన రోజున, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా కుటుంబాలు మొదట చేసే పని విశాఖపట్నం వెళ్లే బస్సు వేళలు కనుక్కోవడం. ఆ తొందర సహజమే గానీ, అవసరమైన పరీక్షల కోసం ఒకటి రెండు వారాలు ఆగినందువల్ల సాధారణంగా నష్టం ఉండదు. పరీక్షలు పూర్తికాకుండా కోయించుకుంటేనే తరువాత చిక్కులు వస్తాయి. మా వదినకు ఈ ఆపరేషన్ జరిగినప్పుడు ఆమె వెంట ఉన్నది నేనే కనుక, డాక్టర్లు చెప్పిన వాటితోపాటు మేము తడబడినవి కూడా ఇక్కడ రాస్తున్నాను.

గడ్డను ముందే కోసి తీసేసి, ఆ తరువాత పరీక్షకు పంపడం ఇప్పుడు మంచి పద్ధతి కాదు. లావుపాటి సూదితో గడ్డలోంచి సన్నని ముక్కలు తీసే కోర్ బయాప్సీ చేసి, ఆ ముక్కల మీదే ఈఆర్, పీఆర్ (హార్మోన్లతో పెరిగే గడ్డా కాదా అని చూసేవి), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) పరీక్షలు జరిపిన తరువాత, ఏ చికిత్స ముందు చేయాలో ఏది వెనక చేయాలో నిర్ణయిస్తారు. గడ్డ పెద్దదైనా, సంకలో బిళ్లలు కట్టినా, చాలామందికి ముందు కీమో ఇచ్చి గడ్డ కుదించుకుపోయాక ఆపరేషన్ చేస్తారు.

రొమ్మంతా తీయక తప్పదా అని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరోనేసి అనే సర్జన్లు 1970లలో మొదలుపెట్టిన అధ్యయనాల ఇరవయ్యేళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి; గడ్డ చిన్నదిగా ఉన్నవారిలో గడ్డనూ దాని చుట్టుపక్కల కొంత భాగాన్నీ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా, బతికే కాలంలో తేడా లేదని అవి తేల్చాయి. అయితే గడ్డలు రొమ్ములో పలుచోట్ల ఉన్నా, రొమ్ము పరిమాణంతో పోలిస్తే గడ్డ మరీ పెద్దదైనా, మనవాళ్లు కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్ తీసుకునే వీలు లేకపోయినా మొత్తం తీయడమే మేలు. ఇచ్ఛాపురం నుంచి వచ్చే మనిషి వారాల తరబడి విశాఖలో ఉండి రోజూ రేడియేషన్ తీసుకోవడం చిన్న మాట కాదు కనుక, ఆ కారణంతో రొమ్ము తీయించుకోవడానికే మొగ్గేవారిని నేను తప్పుపట్టను. కానీ గడ్డ అయిదు సెంటీమీటర్లు దాటినా, సంక బిళ్లల్లో జబ్బు కనబడినా, రొమ్ము తీసిన తరువాత కూడా రేడియేషన్ అవసరం కావచ్చునని ముందే తెలుసుకుని ఉండాలి.

ఖర్చు సంగతి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ చికిత్స జరుగుతుంది. రేషన్ కార్డు, ఆధార్ రెండింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో బయలుదేరకముందే చూసుకుని, సందేహముంటే 104కు ఫోన్ చేసి, ఆసుపత్రిలో ముందుగా ఈ పథకం పనులు చూసే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్రను కలవాలి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉందన్న సంగతి మన పల్లెల్లో ఇంకా చాలామందికి తెలియదు.

ఈ ఆపరేషన్‌లో రొమ్మునూ, సంకలోని లింఫు గ్రంథులనూ (జబ్బు పాకితే బిళ్లలు కట్టేవి ఇవే) తీస్తారు. పూర్వం ఛాతీ కండరాలను కూడా కోసేసేవారు, ఇప్పుడు సాధారణంగా వాటిని ఉంచేస్తారు. ఆసుపత్రికి ముందు బొత్తాలున్న నైటీలు, ముందు హుక్కుల వదులు జాకెట్లు తీసుకువెళ్లాలి, ఎందుకంటే కొన్నాళ్లపాటు తలమీదుగా వేసుకునే బట్ట ఏదీ పనికిరాదు.

ఇంటికి వచ్చేటప్పుడు గాయం పక్క నుంచి ఒకటో రెండో గొట్టాలు, వాటి చివర, గాయంలో చేరే నీరును బయటికి పీల్చే, నొక్కి మూసిన డ్రెయిన్ సీసా ఉంటాయి. మేము బాగా తడబడింది ఇక్కడే. చేతులు సబ్బుతో కడుక్కుని, గొట్టానికున్న క్లిప్పు బిగించి, మూత తీసి, నీరును కొలత గ్లాసులోకి వంచి, సీసాను గట్టిగా నొక్కి గాలి పోయాక ఆ నొక్కు వదలకుండానే మూత పెట్టి, చివరగా క్లిప్పు వదలాలి. సీసా ఉబ్బిపోయి ఉంటే అది పీల్చడం లేదని అర్థం. దాన్ని ఒక గుడ్డ సంచిలో పెట్టి లంగా నాడాకు కట్టుకుంటే గాయానికి దిగువనే ఉంటుంది, నడుస్తున్నప్పుడు లాగదు. తొలి రోజుల్లో ఎర్రగా వచ్చే నీరు క్రమంగా గులాబీ రంగుకూ, ఆపైన పలుచని పసుపుకూ మారుతుంది. మేము రోజూ కొలిచాం గానీ రాసిపెట్టలేదు. "ఎంత పడుతోందమ్మా?" అని డాక్టరు అడిగితే, "తగ్గిందండీ" అన్నాను. అంకె లేనిదే గొట్టం తీయనని ఆయన పంపేశారు. బొబ్బిలి నుంచి రానూపోనూ ఒక రోజు వృథా అయింది. ఇరవై నాలుగు గంటల్లో పడే నీరు వరుసగా రెండు రోజులు 30 మిల్లీలీటర్లకు లోపు ఉంటే సాధారణంగా గొట్టం తీస్తారు కనుక, తేదీ, వేళ, కొలత, రంగు ఒక నోటు పుస్తకంలో రాయండి. సీసా ఉన్నట్టుండి ఎర్రని రక్తంతో నిండినా, చలిజ్వరం వచ్చినా, కుట్ల చుట్టూ ఎర్రబారి వేడెక్కినా, గొట్టం జారినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పత్యం గురించి ఒక మాట. పప్పు తింటే చీము పడుతుందని మా ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టి కారప్పొడి అన్నంతో సరిపెట్టబోయారు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. షుగరు ఉన్నవారికి దాన్ని అదుపులో ఉంచడం అన్నిటికంటె ముఖ్యం.

ఆపరేషన్ మర్నాటి నుంచే పిడికిలి మూయడం, తెరవడం, మోచేయి మడవడం మొదలుపెట్టించాలి. గొట్టాలు ఉన్నంతకాలం చేతిని భుజం ఎత్తు దాటనీయకుండా, అవి తీశాక డాక్టరు అనుమతితో గోడకు ఎదురుగా నిలబెట్టి వేళ్లతో పైకి పాకించాలి. మా వదిన ఏ రోజు ఎంతవరకు అందుకుందో సుద్దముక్కతో గోడమీద గీత గీసేదాన్ని. పద్దెనిమిది గీతల తరువాత చేయి తలమీదికి వెళ్లింది. పెరట్లో నూతి గిలక ఉంటే దాని తాడును రెండు చేతులతో అటూ ఇటూ లాగడం కూడా మంచి వ్యాయామమే. రేడియేషన్ ఇచ్చేటప్పుడు చేతిని తలపైకి ఎత్తి పడుకోవాలి కాబట్టి, భుజం బిగుసుకుపోతే ఆ చికిత్సకే ఆటంకమవుతుంది.

సంక గ్రంథులు తీసినందున ఆ చేతిలో నీరు చేరి వాచే అవకాశం ఏళ్ల తరువాత కూడా ఉంటుంది. పుండు పడి చీము పడితే ఆ వాపు ఎక్కువవుతుంది. కనుక పలాస వైపు జీడిగింజలు కొట్టే పనిలో ఉన్నవారు జీడినూనె తగిలి చర్మం కాలకుండా తొడుగులు వేసుకోవాలి. కొడవలి, ముళ్లు, వేడి గిన్నెలతోనూ అంతే జాగ్రత్త. నిన్నటిదాకా వదులుగా ఉన్న గాజులు ఈ రోజు ముంజేతికి బిగిస్తే, అది తొలి గుర్తు.

ఇంక కాగితాలు. తీసిన రొమ్ము మీద జరిగిన పరీక్ష రిపోర్టు వచ్చిన తరువాతే మిగతా చికిత్స ఖరారవుతుంది. అది ఆపరేషన్ తరువాత నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలుకావడం మంచిది. వేరే ఆసుపత్రికి మారవలసి వస్తే తీసిన ముక్కలను మైనంలో భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, అక్కడి వాళ్లు మళ్లీ చూస్తామంటారు. గాయం పూర్తిగా మానాక, జాకెట్టు ఒక పక్కకు జారకుండా, మెత్తని నూలు గుడ్డలో దూది నింపి బరువుకు గుప్పెడు రాగులు కలిపి, తీసిన రొమ్ము స్థానంలో పెట్టుకునే మెత్త ఒకటి మేమే కుట్టుకున్నాం. రెండో రొమ్ముకు ఏడాదికొకసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించాలి, దాని తేదీని కూడా అదే నోటు పుస్తకంలో రాసుకున్నాం.