సోవియట్ యుద్ధకాలపు పతకం కొనేముందు

డబ్బు పంపేముందు ఇవి చూసుకోండి. లెనిన్‌గ్రాడ్, ఒడెస్సా, సెవాస్తోపోల్, స్టాలిన్‌గ్రాడ్ రక్షణ పతకాలు నాలుగూ 1942 డిసెంబరు 22నే ఏర్పాటయ్యాయి. వ్యాసం 32 మిల్లీమీటర్లు, ముందు అది కొలవండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది పైన రింగు దూరే చెవి. లెనిన్‌గ్రాడ్ పతకం తొలి రకంలో దాన్ని విడిగా చేసి అతికారు, తర్వాత వాటిలో పతకంతోపాటే ఒకే ముక్కగా అచ్చొత్తారు, అందుకే ఆ అతుకు కనిపించేలా ముందూ వెనకా క్లోజప్ ఫోటోలు అడగండి, ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి.

పతకం వేలాడే, రిబ్బన్ చుట్టిన ఐదు మూలల పట్టీ చూసి మాత్రం కాలం తేల్చేయకండి. అది ఎవరైనా సులువుగా మార్చేయొచ్చు, అల్యూమినియం పట్టీలైతే యుద్ధం తర్వాతవే. అయస్కాంతం పెట్టి చూడండి, స్టీల్ పట్టీకి అంటుకుంటుంది, ఇత్తడి పతకానికి అంటుకోదు.

ఈ పతకాల మీద వరుస నంబర్ ఉండదు, కాబట్టి పక్కనే పతకం ఇచ్చినట్టు రాసిన పత్రం పెట్టి అమ్ముతున్నా రెండూ ఒకే సైనికుడివని నమ్మడానికి లేదు.

దయచేసి పాలిష్ పెట్టకండి, పాత రంగు పోతే మళ్లీ రాదు.

రష్యాలో సోవియట్ ప్రభుత్వ పతకాల కొనుగోలు, అమ్మకం క్రిమినల్ కోడ్ 324 కింద నేరం. అక్కడి నుంచి తెప్పించుకునే ఆలోచనే పెట్టుకోవద్దు.