యుద్ధం ముగిసిన ఊళ్లో ఇల్లు కట్టించాలంటే

యుద్ధం నడిచిన ప్రాంతాలకు ఇళ్ల పని మీద వెళ్లబోతున్న సివిల్ ఇంజనీర్లకు, సోషల్ వర్కర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను శ్రీలంక ఉత్తరాన కిలినొచ్చి జిల్లాలో ఒక సహాయ సంస్థ తరఫున టెక్నికల్ ఆఫీసర్‌గా పనిచేశాను. అక్కడ శ్రీలంక సైన్యానికి, ఎల్టీటీఈకి మధ్య యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. దాదాపు 3 లక్షల మంది వవునియా దగ్గర క్యాంపుల్లో ఉండి, విడతలు విడతలుగా సొంత ఊళ్లకు తిరిగొచ్చారు. భారత ప్రభుత్వం 50,000 ఇళ్ల పథకం చేపట్టింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లకు కాంట్రాక్టరు లేడు, ఇంటివాళ్లే దగ్గరుండి కట్టించుకున్నారు. ఇంటికి 5,50,000 శ్రీలంక రూపాయలు, పని ఎంతవరకు వచ్చిందో చూసి, విడతల్లో నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో పడేవి. ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. అయితే ఖాతాలో డబ్బు పడినంత మాత్రాన గోడ లేవదు. ఆ మధ్యలో ఉన్న పనే మనది.

మొట్టమొదట నేల సంగతి. మందుపాతరలు తీసేశారని కాగితం కళ్లతో చూడకుండా ముగ్గు పోయకండి. ఇంటి స్థలం ఒక్కటే చూస్తే చాలదు. బావికి వెళ్లే దారి, కట్టెలు తెచ్చుకునే చోటు, ఇసుక తవ్వే చోటు కూడా అడగండి. పునాది తవ్వుతుంటే పారకు ఇనుము తగిలిందా, పని అక్కడే ఆపి అందరినీ వచ్చిన దారినే వెనక్కి పంపండి. ముట్టుకోవద్దు, పక్కకు జరపొద్దు. మందుపాతరలు తీసే వాళ్లకు కబురు చేసి, వాళ్లు సరేనన్నాకే మళ్లీ పార పట్టాలి. పిల్లలకు ఈ మాట విడిగా, నెమ్మదిగా చెప్పండి.

తర్వాత స్థలం కాగితాలు. పారిపోయేటప్పుడు పట్టాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. గ్రామ అధికారి దగ్గర, డివిజనల్ కార్యదర్శి ఆఫీసులో పాత రిజిస్టర్లు ఉంటాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. అసలు కష్టం భర్త కనిపించకుండా పోయిన ఆడవాళ్లది. స్థలం పర్మిట్ ఆయన పేరు మీద ఉంటుంది, చనిపోయాడని రాయించుకోవడానికి ఆమెకు మనసొప్పదు. అలాంటివాళ్ల కోసం, మనిషి ఆచూకీ లేదని ధ్రువపత్రం ఇచ్చే చట్టం అక్కడ 2016లో గానీ రాలేదు. ఎక్కడికి వెళ్లినా ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోండి. మరణ ధ్రువపత్రం తెమ్మని మాత్రం ఆమెను ఒత్తిడి చేయకండి.

ఇక ఇంటి కొలత. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. పథకంలో 550 చదరపు అడుగుల ఇల్లు. టార్పాలిన్ కింద ఏళ్లు గడిపినవాళ్లకు సొంత ఇల్లు అనగానే ముందు వరండా, ఇంకో గది, కాస్త పెద్ద హాలు కావాలనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఒక్క గది పెరిగితే పునాది, గోడ, పైకప్పు మూడూ పెరుగుతాయి. ఒకేసారి వేల ఇళ్లు లేస్తున్నప్పుడు ఇసుక ధర, మేస్త్రీ కూలీ కూడా నెలనెలా పెరుగుతుంటాయి. లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం) దాకా వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయి, నగలు తాకట్టు పెట్టినవాళ్లు, వారానికోసారి వాయిదా కట్టే అప్పులు తెచ్చినవాళ్లు ఉత్తర ప్రాంతం అంతటా ఉన్నారు. అందుకని ముగ్గు పోసే రోజే ఇంటావిడను కూర్చోబెట్టి, ఏ విడత డబ్బుతో ఏ పని అవుతుందో ఆమె చేతే రాయించండి. పెద్ద ఇల్లే కావాలంటే కాదనొద్దు, గదులు తర్వాత కలుపుకునేలా ప్లాను గీసివ్వండి. ముందు రెండు గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి, పైకప్పుతో పూర్తి కావాలి.

మేస్త్రీతో రోజుకూలీ లెక్కన ఒప్పుకోవద్దని చెప్పండి. పునాదికి ఇంత, గోడలకు ఇంత అని కాగితం మీద రాసుకుని, ఆ పని అయ్యాకే డబ్బు ఇవ్వాలి. ఒంటరి ఆడవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇంకో ఊరి పనికి వెళ్లిపోయే మేస్త్రీలు ఉంటారు. నాలుగైదు కుటుంబాలను ఒక జట్టు చేసి, ఒకే మేస్త్రీని మాట్లాడి, ఒకే లారీలో సిమెంటు తెప్పిస్తే బేరం కుదురుతుంది, మోసం తగ్గుతుంది. ముసలివాళ్లు, కాలు పోయినవాళ్లు ఉన్న ఇంటిని ఆ జట్టులోనే కలపాలి, విడిగా వదిలేస్తే అది వెనకబడుతుంది. వాళ్ల ఇంటికి మెట్ల బదులు వాలు కట్టించండి.

అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మట్టిరోడ్ల మీద ఇసుక లారీ రాదు. ఈలోపే పైకప్పు పడాలి. ఎండాకాలం మొదలుపెడితే బావులు ఎండిపోయి క్యూరింగ్‌కు, అంటే సిమెంటు గట్టిపడేలా తడపడానికి, నీళ్లుండవు. సిమెంటు బ్లాకులు నీడలో పేర్చి, తడి గోనె సంచులు కప్పమని చెప్పండి. వాసాలకు ఆ నేలలో తాటి చేవను మించింది లేదు, బాగా ముదిరిన చెట్టుదే కొనాలి. కొట్టడానికి అనుమతి ఉందో లేదో కూడా అడగాలి. కూలిన పాత ఇంటి రాయి పనికొస్తుంది, కానీ ఆ శిథిలాల్లో పేలనివి ఏవైనా ఉండొచ్చు, వెతికించాకే కదిలించండి.

తనిఖీకి వెళ్లినప్పుడు ఫోటో తీసుకుని వచ్చేయకండి. పని సరిగా ఉంటే విడత కాగితం మీద అదే రోజు సంతకం పెట్టండి. మన సంతకం వారం ఆలస్యమైతే వాళ్లు వడ్డీకి వెళ్తారు. చివరి విడత పడ్డ కొన్ని నెలలకు మళ్లీ వెళ్లి, మరుగుదొడ్డి వాడుతున్నారా, బాకీ ఎవరికి ఎంత ఉంది అని అడిగి రాసుకోండి. తర్వాతి ఊళ్లో ముగ్గు పోసేటప్పుడు ఆ లెక్క దగ్గర పెట్టుకుని మాట్లాడండి.